శనివారం సుద్ద గుర్తు

నేను షెడ్డులో అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అది నాకు గౌరవంగానే కనిపించింది. వాళ్ళు అలా లేచి నిలబడటం వల్ల నా కంట పడకుండా పోయినది ఒకటి ఉంది. అది తెలిసేసరికి జరగాల్సినది జరిగిపోయింది. కొత్తగా సూపర్‌వైజర్లుగా, ఇన్‌ఛార్జీలుగా చేరుతున్న పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

ఏలూరులో తివాచీలు నేయించే ఒక సహకార సంఘంలో నేను నేత నాణ్యత చూసేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళ నాటి మాట ఇది. అప్పటికే తివాచీల పని తగ్గిపోతోంది. మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. సంఘం కింద మిగిలిన నాలుగు షెడ్లకూ నేనొక్కణ్ణే. వట్లూరు వైపున్న షెడ్డుకు నా రోజు శనివారం.

మగ్గం సంగతి కొంచెం చెప్పక తప్పదు. అది నిలువు మగ్గం. పైన ఒక దూలం, కింద ఒక దూలం, వాటి మధ్య బిగించి కట్టిన నూలు. నేసేవాళ్ళు దాని ముందు పలక మీద కూర్చుని ఒక్కొక్క ఉన్ని ముడి వేసుకుంటూ పోతారు. వరస పూర్తికాగానే ఇనుప దువ్వెనతో కిందికి దిట్టంగా కొడతారు. నేత కింది నుంచి పైకి పెరుగుతుంది. ఒళ్ళో మొదలైన పని రోజులు గడిచేకొద్దీ గుండెల ఎత్తుకు, భుజాల ఎత్తుకు వస్తుంది. అప్పుడు నూలు వదులు చేసి, నేసినంత మేరా కింది దూలానికి చుట్టేస్తారు. పని మళ్ళీ ఒళ్ళోకి వస్తుంది. దాన్ని మా వాళ్ళు దింపడం అనేవారు.

నేను చూసి, నేత వెనకవైపు సుద్దముక్కతో గుర్తు పెట్టాకే దింపాలని నా నియమం. ఊరికే పెట్టలేదు. అంతకు ముందు ఒకసారి, చుట్టేసిన భాగంలో రంగు తప్పిన వరసలు ఉండిపోయాయి. తివాచీ మగ్గం దిగాక గానీ బయటపడలేదు. కొన్నవాళ్ళు తిప్పి పంపారు. కమిటీ ముందు నన్ను నిలబెట్టి అడిగారు. ఆ రోజు నుంచి నా కన్ను పడకుండా ఒక్క జానెడు కూడా చుట్టడానికి వీల్లేదన్నాను. పని తల ఎత్తుకు వచ్చినప్పుడు కొందరు పలక కింద ఇటుకలు పేర్చుకునేవారు. ఒకామె జారి పడింది. ఇటుకలూ వద్దన్నాను. రెండు ఆజ్ఞలూ వాళ్ళ మంచికేనని నమ్మాను. నేను శనివారం వెళ్ళేటప్పటికి అందరూ లేచి గోడవార నిలబడేవారు. నేను మగ్గాల వెనక్కి వెళ్ళి ముడులు చూసి, సుద్ద గుర్తులు పెట్టి, స్కూటరెక్కి వచ్చేసేవాణ్ణి. ఇంటికొచ్చి డైరీ రాసుకునేవాణ్ణి.

ఆ షెడ్డులో మొదటి మగ్గం ఒకామెది. నలభై అయిదు దాటి ఉంటాయి. మండవల్లి దగ్గర కొల్లేటి అంచు పల్లెలో పుట్టి, వట్లూరు కోడలుగా వచ్చింది. భర్త చేపల చెరువుల మీద మేత సంచులు కట్టే పనికి పోయేవాడు. ఆమె వేళ్ళు ముడి వేస్తుంటే వేసినట్టు కనిపించేది కాదు, పడినట్టు కనిపించేది. మిగతావాళ్ళు వారం తిరిగేసరికి భుజం ఎత్తుకు వస్తే, ఆమె నేత తల దాటి ఉండేది.

ఆ ఏడు ఆమె పుట్టిన పల్లెలోని చర్చి నూరేళ్ళ పండగకు తివాచీ ఆర్డరు వచ్చింది. వేదిక ముందు పరిచేది. సంగతి తెలిసి ఆమె సంఘం ఆఫీసుకు వచ్చి సెక్రటరీ గారి ముందు నిలబడింది.

"అది నాకే ఇప్పించండి బాబూ. మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ గుడి ఊడ్చిందండీ. ఆ నేల మీద పరిచేది నా చేతులతో నేయాలని ఉందండీ."

"నువ్వు కాక ఇంకెవరు నేస్తారమ్మా," అన్నారు సెక్రటరీ గారు. ఆమె అంత సంతోషపడటం నేను అంతకుముందు చూడలేదు.

తివాచీ పావువంతు అయ్యేసరికి ఆమె కుడి భుజం మొరాయించింది. మొదట్లో రాత్రి పక్క మీద ఒత్తిగిలితే నొప్పి. తర్వాత జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. కూతురు వేసి పంపేది. అప్పటికే షెడ్డులో మరో ఇద్దరు ముగ్గురికి మెడలు, భుజాలు పట్టేశాయి. అందరూ నలభై దాటినవాళ్ళే. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఏ నొప్పీ లేదు. వయసు అని తేల్చేశాను. నేను తేల్చిందే ఏలూరు డాక్టరు గారూ చెప్పారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, చక్కెర లేదు, ఈ వయసులో కొందరికి భుజం ఇలా బిగుసుకుపోతుందన్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

వయసు ఒక్కటే కాదు, వాళ్ళే మా దగ్గర అందరికన్నా జోరుగా నేసేవాళ్ళని నాకు అప్పుడు తట్టలేదు. ఎంత జోరుగా నేస్తే నేత అంత త్వరగా తల మీదికి వస్తుంది.

మందుబిళ్ళలు వాళ్ళ కడుపుకు పడవని నేనే వైద్యం మొదలుపెట్టాను. మా ఇంటి వెనక కాలవ గట్టున వావిలి చెట్టు ఉంది. మా అమ్మ ఆ ఆకు వేడిచేసి కట్టు కట్టేది, ఉప్పు మూట కాపడం పెట్టేది. శనివారం శనివారం వావిలాకు కోసి, తడిగుడ్డలో చుట్టి, స్కూటర్ ముందు పెట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. ఆమెకు, మిగిలినవాళ్ళకు పంచేవాణ్ణి. ఎలా కట్టుకోవాలో, నీళ్ళు ఎంత వేడి ఉండాలో చెప్పేవాణ్ణి. వాళ్ళు రెండు చేతులా అందుకునేవారు.

షెడ్డు మేస్త్రి నాకన్నా పెద్దవాడు. హాస్యగాడు.

"సారు స్కూటర్ వస్తుంటే వట్లూరు మేకలన్నీ వెనకాలే వస్తున్నాయండీ," అన్నాడు ఒకసారి.

"నీకూ ఒక కట్ట ఇవ్వనా?"

"నాకు నోరొక్కటే నొప్పండీ. దానికి ఆకు కడితే మా ఆవిడ మీకు దణ్ణం పెడుతుందండీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం ఆకు కట్ట ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది.

అంతలో తాడేపల్లిగూడెంలో హస్తకళల ప్రదర్శన వచ్చింది. సంఘం తరఫున స్టాలు పెట్టారు. నెల పైన నేను గూడెంలోనే ఉండిపోయాను. తిరిగి వచ్చిన మొదటి శనివారం షెడ్డుకు వెళ్ళేసరికి మగ్గాలన్నీ దింపి ఉన్నాయి. సుద్ద గుర్తు ఒక్కటీ లేదు.

"మీరు లేరు కదండీ. మగ్గాలు ఆపలేక ఎప్పటికప్పుడు దింపించేశానండీ," అన్నాడు మేస్త్రి. "తప్పుంటే నాదేనండీ."

చుట్టినదంతా విప్పించి చూశాను. ఒక్క ముడి తప్పు లేదు. అయినా ఇక ముందు ఇలా కుదరదన్నాను. "ఆయ్, అలాగేనండీ," అన్నాడు.

అప్పుడే ఆమె గోడ మేకుకు తగిలించిన టిఫిన్ క్యారేజీని కుడిచేత్తో తీసి పక్కన పెట్టింది. నేను చూసి ఆశ్చర్యపోయాను.

"భుజం నయమైందా అమ్మా?"

"చాలా నయమండీ."

"ఆకు మానలేదు కదా?"

ఆమె మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి పైకప్పు వైపు చూశాడు.

"మానలేదండీ. బాగా పనిచేసిందండీ," అంది.

ఆ రాత్రి డైరీలో రెండు వాక్యాలు రాశాను. అనుమతి లేకుండా మగ్గాలు దింపుతున్నారని ఒకటి. దాని కిందనే, ఆమెకు వావిలాకుతో గుణం కనిపించిందని ఇంకొకటి. ఒకదాని కింద ఒకటి నా చేత్తో నేనే రాసుకుని, పెన్ను మూత పెట్టి, పడుకున్నాను.

నేను ఆ వైద్యం గురించి ఆఫీసులో చెప్పుకోకుండా ఉండలేకపోయాను. సెక్రటరీ గారు ఇంకో నలుగురికి చెప్పారు. ముదినేపల్లిలో ఆడవాళ్ళ పొదుపు సంఘాల సమావేశంలో నడివయసు నొప్పులకు ఇంటి వైద్యాల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. జీవితంలో నన్ను మైకు ముందుకు పిలవడం అదే మొదలు. ఉదాహరణ కళ్ళ ముందు ఉంటే బాగుంటుందని ఆమెను కూడా జీపులో తీసుకెళ్ళాం. అప్పటికి నా సుద్దముక్క తిరిగి పని మొదలుపెట్టి మూడు నాలుగు శనివారాలైంది.

ఉప్పు కాపడం గురించి చెప్పాను, ఆముదం గురించి చెప్పాను, వావిలాకు గురించి ఎక్కువ సేపు చెప్పాను. చివర్న ఆమెను స్టేజీ మీదికి పిలిచి, "చెయ్యి పైకెత్తి చూపించమ్మా," అన్నాను.

ఆమె ఎత్తింది. నిదానంగా, తల పైదాకా ఎత్తింది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వుతూనే ఉంది. పై పెదవి మీద చెమట పట్టి ఉండటం నేను చూశాను. స్టేజీ బెరుకు అనుకున్నాను. నాకు శాలువా కప్పారు. తిరుగు ప్రయాణంలో ఆమె ఎడమచేత్తో కుడి మోచేతిని పొదివి పట్టుకుని, కొల్లేరు వైపు చెరువుల్ని చూస్తూ కూర్చుంది. నేను ముందు సీట్లో శాలువా మడత పెట్టుకుంటున్నాను.

చాలా ఏళ్ళుగా నా మనసులో ఉద్యోగం తాలూకు సిగ్గు అంటే ఆ స్టేజీయే. నియమం పెట్టడం పొరపాటు, ఎవరైనా చేస్తారు. కానీ ఆ చెయ్యి ఎత్తించింది నేను.

ఆ తర్వాత ఆమె పని మందగించింది. చర్చి పండగ దగ్గరపడుతోంది. తివాచీ ఇంకా మూడోవంతు మిగిలి ఉంది. ఒక గురువారం సెక్రటరీ గారు నన్ను పిలిచి అన్నారు.

"ఆమెను ఉన్ని ఉండలు చుట్టే పనికి మార్చేద్దామండీ. తివాచీ ఇంకొకరు పూర్తిచేస్తారు. మీరంటే ఆమెకు గౌరవం కదా, మీరే చెప్పండి."

"శనివారం చెబుతానండీ."

"శనివారం దాకా ఎందుకండీ? రేపే వెళ్ళి చెప్పేయండి."

శుక్రవారం నా స్కూటర్ మెకానిక్ దగ్గర ఉంది. బస్సు దిగి, వెనక సందులోంచి ఉన్ని గది గుండా షెడ్డులోకి వెళ్ళాను. స్కూటర్ చప్పుడు లేదు. నేను వచ్చే రోజూ కాదు. ఎవరూ లేవలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో వాళ్ళు పని చేస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి. అది కూడా మగ్గం వెనక నుంచి, నూలు పోగుల సందుల్లోంచి.

నేత ఆమె తల దాటి ఉంది. నాకు ముఖం కనిపించలేదు. పైన రెండు చేతులు మాత్రం కనిపించాయి. కుడిచెయ్యి ముడి వేస్తోంది. ఎడమచెయ్యి నూలు పట్టుకోవడం మాని కుడి మణికట్టు కింద ఆనించి ఉంది, పందిరి కింద గుంజలాగా. రెండు ముడులు వేయడం, చెయ్యి నేత చాటుకు దించేసుకోవడం, మళ్ళీ ఎడమచేత్తో దాన్ని పైకి ఎత్తి పెట్టుకోవడం. ఆ పక్క మగ్గం ఆమె నిలబడి, మెడ వెనక్కి విరిచి నేస్తోంది.

ఎంతసేపు అక్కడ నిలబడ్డానో నాకు తెలియదు. మేస్త్రి చూసి, "సారొచ్చారు," అన్నాడు. అందరూ గబగబా లేచారు.

"కూర్చోండమ్మా," అన్నాను. ఎవరూ కూర్చోలేదు. ఖాళీ అయిన ఆమె పలక మీద నేను వెళ్ళి కూర్చున్నాను. ముడి వేయడం నాకూ వచ్చు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పారు. చెయ్యి ఎత్తి మొదలుపెట్టాను. కాసేపటికి భుజంలో సలుపు మొదలైంది. ఒక్క వరస పూర్తిచేయలేక చెయ్యి దించేశాను.

"ఎన్ని రోజుల నుంచి ఇలా తల మీద నేస్తున్నావమ్మా?"

"ఏం లేదండీ. రేపు శనివారమే కదండీ," అంది ఆమె.

"నేను గూడెంలో ఉన్నప్పుడు ఎప్పుడు దింపేవారు?"

మేస్త్రి అందుకున్నాడు. "ఛాతీ దాటితే దింపేసేవాళ్ళమండీ."

అప్పటికి నాకు అర్థమైంది. కానీ అంతకన్నా పెద్దది అడిగాక తెలిసింది.

"నొప్పి దీనివల్లేనని మీకు తెలుసా?"

ఎవరూ నా వైపు చూడలేదు. కొత్తగా చేరిన అమ్మాయిలు కూడా నేల చూశారు. అందరికీ తెలుసు.

"మరి ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?"

ఆమే చెప్పింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మీరు అంత దూరం నుంచి ఆకు కోసుకొచ్చి మరీ ఇస్తుంటే ఎలా చెప్పమంటారండీ? మీ మనసు కష్టపడుతుంది కదండీ."

నా మనసు కష్టపడకూడదని వాళ్ళు భుజాలు కష్టపెట్టుకున్నారు. స్టేజీ మీద చెయ్యి ఎత్తిందీ అందుకే. మా వైపు మాట మెత్తన అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తదనం కింద ఎన్ని దాగి ఉంటాయో పై ఉద్యోగి కనిపెట్టుకోవాలి. నేను కనిపెట్టలేదు. నాకు అడగడం రాలేదు. నొప్పి ఎలా ఉంది అని ప్రతి శనివారం అడిగాను. వారంలో ఏ రోజు ఎక్కువవుతుంది, ఏం చేసేటప్పుడు ఎక్కువవుతుంది అని ఒక్కసారి అడిగి ఉంటే, మొహమాటానికి తప్ప అబద్ధం చెప్పడం చేతకాని మనుషులు వాళ్ళు, గురువారం నుంచి అని చెప్పేసేవారు.

"దింపెయ్యండి," అన్నాను మేస్త్రితో.

"గుర్తు పెట్టలేదు కదండీ," అన్నాడు. ఆ అలవాటు అంత గట్టిగా నాటుకుంది.

జేబులోని సుద్దముక్క అతని చేతిలో పెట్టాను. "ఇక నుంచి ఛాతీ దాటితే మీరే చూసి పెట్టుకోండి."

ఏలూరు వచ్చి సెక్రటరీ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు.

"అయితే రోగం మీ సుద్దముక్కండీ?"

"అవునండీ."

"ముదినేపల్లిలో శాలువా కూడా కప్పించుకొచ్చారు కదండీ."

"అవునండీ."

ఆఫీసులో కొన్నాళ్ళు నన్ను వావిలాకు సారని పిలిచారు. నేను పలికాను. ఆమె మగ్గం ఆమెకే ఉంచమని అడిగాను. చర్చి పెద్దల దగ్గరికి నేనే వెళ్ళి కారణం చెప్పి, పండగ ముందురోజు దాకా గడువు తెచ్చుకున్నాను. కారణం చెప్పేటప్పుడు ఆమె భుజం అనలేదు, నా నియమం అన్నాను.

వావిలాకు మంచిది కాదని ఎవరూ అనుకోవద్దు. కాపడం, కట్టు, గోడకు వేళ్ళు ఆనించి చేతిని కొద్దికొద్దిగా పైకి పాకించడం, ఇవన్నీ ఆమెకు తర్వాత ఉపకరించాయి. రాత్రిపూట నిద్ర పట్టింది. కానీ గాయం చేసే చెయ్యి ఒక పక్క చేస్తూనే ఉంటే ఇంకో పక్క ఆకు ఏం చేస్తుంది? మీ దగ్గర పనిచేసే నడివయసు మనిషి మెడ పట్టేసిందనో నడుము పట్టేసిందనో అంటే, ముందు ఆ మనిషి కూర్చునే చోట మీరు కూర్చోండి. మీరు వెళ్ళే రోజు కాకుండా వేరే రోజు వెళ్ళండి.

తివాచీ ఆమే పూర్తిచేసింది. పండగకు నన్నూ పిలిచారు. కొల్లేటి అంచున ఆ చిన్న చర్చి నిండిపోయింది. వేదిక ముందు ఎర్రటి తివాచీ, దాని అంచు చుట్టూ ఆమె వేళ్ళు వేసిన తెల్లటి పువ్వులు. ప్రార్థన చివర పాదిరి గారు అందరినీ చేతులు పైకెత్తమన్నారు. నేను ఆమెకు రెండు వరసలు వెనక ఉన్నాను. ఆమె ఎడమచెయ్యి తల పైకి లేచింది. కుడిచెయ్యి భుజం ఎత్తుదాకా వచ్చి ఆగింది. అంతకు మించి అది మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. స్టేజీ మీద నా కోసం లేచిన చెయ్యి, ఆమె ప్రార్థనకు లేవలేదు. నేను తల వంచుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు భక్తి అనుకుని ఉంటారు.

ఈ మధ్య ఆమె మా ఇంటికి వచ్చింది. కూతురు వట్లూరులో ఇల్లు కట్టుకుందట, కొత్త ఇంటి ప్రార్థనకు పిలవడానికి వచ్చింది. ఇది రాద్దామని పాత డైరీల కోసం నేను స్టూలెక్కి పై అర అందుకోబోతున్నాను. నా కుడి భుజం ఏడాదిగా సరిగా లేదు. గుమ్మంలోంచి ఆమె చూసింది.

"భుజమాండీ?"

"ఏం లేదమ్మా," అన్నాను.

ఆమె లోపలికి వచ్చి, నన్ను స్టూలు దిగమని చేత్తో సైగ చేసింది.

"అవి అంత పైన ఎందుకు పెట్టుకున్నారండీ? కిందికి దింపేసుకోండి."

ఆ మాట అనడానికి ఆమె ఒక్క క్షణం ఆలోచించలేదు. నా మనసు కష్టపడుతుందేమోనని చూడలేదు. నేను దిగి పక్కకు జరిగాను. ఆమె స్టూలెక్కి, ఎడమచేత్తో ఒక్కొక్క డైరీ తీసి నాకు అందించింది. నేను వాటిని కింది అరలో సర్దుకున్నాను.